ఆవాల దిండు

గౌస్ బాషా తన కొడుకుతో నేరుగా మాట్లాడడం మానేసి ఐదేళ్లయింది. అలాగని ఇద్దరూ వేరువేరు ఊళ్లలో లేరు. చిలకలూరిపేటలో హైవేకి ఆనుకుని, కింద పరుపుల కొట్టూ పైన కాపురమూ ఉన్న ఒకే ఇంట్లో, ఒకే గిన్నెలో వండిన అన్నం తింటున్నారు. కొడుకు ఎదురుగా కూర్చునే ఉన్నా పెద్దాయన కోడలి వైపు తిరిగి, "నజీరా, మీ ఆయనకు చెప్పమ్మా, నా బీపీ బిళ్లలు అయిపోయినయ్యి" అంటాడు. ఖాదరు కూడా అటే తిరిగి, "నిన్ననే తెచ్చి అలమరాలో పెట్టానని చెప్పు" అంటాడు. "ఇద్దరికీ వినపడింది కదా, ఇంక మధ్యలో నేనెందుకు?" అని నజీరా చారు వడ్డిస్తూ విసుక్కుంటుంది. విసుక్కున్నా చెప్పక తప్పదు. ఆ ఇంట్లో మాట నడిచే దారి ఆమె ఒక్కతే.

గొడవంతా ఒక మిషను గురించి. వాళ్లు దూదేకులవాళ్లు. తాతల నాడు విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి దూది ఏకేవాళ్లు. గౌస్ బాషా వయసులో ఉండగా కరెంటుతో నడిచే ఏకుడు మిషను కొన్నాడు. ఉండలు కట్టిన పాత పరుపు దూది ఇటు వేస్తే అటు మెత్తగా, కొత్తదానిలా పొంగి వచ్చేది. తర్వాత స్పాంజి పరుపులు వచ్చాయి, బేరాలు సన్నగిల్లాయి. కరోనా ఏడు పెళ్లిళ్లు ఆగిపోయాయి. పెళ్లిళ్లు లేకపోతే పరుపులెవరికి? కొట్టు షట్టరు మూసుకుంది, బియ్యం డబ్బా అడుగు కనపడింది. ఒక మధ్యాహ్నం గౌస్ బాషా కునుకు తీసి కిందికి దిగేసరికి మిషను ఉండాల్సిన చోట నేల మీద నూనె మరకలున్నాయి. ఖాదరు దాన్ని పాత ఇనుము కొనేవాడికి తూకానికి అమ్మేశాడు.

"పులి ఆకలేసినా గడ్డి మేయదురా" అన్నాడు గౌస్ బాషా ఆ రోజు. "మా నాయన మూడేళ్లు డొక్కలెండి చస్తా కూడా ఒక్క గింజ ముట్టలా. నువ్వు మూణ్ణెల్లకే మన కులవిద్యని తూకానికేశావు. ఆయన మనవడివని ఎక్కడా చెప్పుకోబాక."

కొడుకుతో నేరుగా అన్న ఆఖరి మాట అదే. ఆ ఇంట్లో ఆ గింజల కథకు బదులు చెప్పగలిగినవాడు ఇంతవరకూ పుట్టలేదు.

ఆ కథ ఇదీ. గౌస్ బాషా తండ్రి దస్తగిరి, ఇంగ్లీషువాళ్ల రాజ్యంలో, రెండో యుద్ధం రోజుల్లో మిలిటరీలో చేరాడు. సెలవు మీద ఇంటికొచ్చినప్పుడు తొలిచూలు బిడ్డ కాశింబీకి మూడో నెల. పసిబిడ్డ తల గుండ్రంగా కుదురుకోవాలని మన ఇళ్లల్లో ఆవాలు పోసి చిన్న దిండు కుడతారు కదా, అలాగే భార్య మదారమ్మ తన పెళ్లినాటి రవికె విప్పి, తవ్వెడు ఆవాలు పోసి అరచేతి వెడల్పు దిండు కుట్టింది. మళ్లీ ప్రయాణమయ్యే రోజున దస్తగిరి ఆ దిండును అడిగి పుచ్చుకున్నాడు. ఫోటో తీయించుకునే స్తోమతు ఎవరికుంది? మధ్యలో బిడ్డ తల ఆనిన చిన్న గుంట, కాస్త నూనె వాసన, అదే ఆయనకు ఫోటో.

సింగపూరు పడిపోయినప్పుడు ఆయన జపానువాళ్లకు బందీగా చిక్కాడు. తమ పక్షాన చేరమంటే చేరనివాళ్లను ఓడల్లో కుక్కి ఎక్కడో సముద్రం నడుమ దీవులకు పంపారు. ఆయనా పోయాడు. అక్కడ రోడ్లు వేయించారు, గుంటలు తవ్వించారు, పడిపోయినవాణ్ణి లేచేదాకా కొట్టారు. తిండి లేక మనుషులు గడ్డి దుంపలు తిన్నారు, బల్లులు తిన్నారు. కంబళి లాక్కున్నారు, పళ్లెం లాక్కున్నారు. దిండు లాక్కోబోతే మాత్రం దస్తగిరి వదల్లేదు. తుపాకీ మడమతో దవడ మీద కొడితే ఎడమవైపు పళ్లన్నీ రాలాయి. అప్పుడూ వదల్లేదు. ఇక ఈ పిచ్చివాడితో ఏం పనిలే అని వదిలేశారట. తనిఖీలప్పుడు చొక్కా కింద డొక్కకు కట్టుకునేవాడు, బాంబులు పడేటప్పుడు మట్టిలో పాతిపెట్టేవాడు.

యుద్ధం అయిపోయాక ఇంటికొచ్చాడు. అప్పటికి కాశింబీ లేదు. ఆయన ఓడెక్కిన ఏడాదే కలరా గత్తర వచ్చి ఊళ్లో చాలామంది పిల్లలతో పాటు పోయింది. గుమ్మంలో నిలబడి ఆయన దిండు చేతికిస్తే మదారమ్మ దాన్ని అరచేతిలో పట్టుకుని చాలాసేపు చూసిందట. తర్వాత వీధి వీధంతా వినేలా ఏడుస్తూ, "గింజ ముట్టలేదే నా బంగారుకొండ! ఆకలికి చచ్చిపోతా కూడా బిడ్డ దిండులో గింజ ముట్టలేదే!" అంది. వీధి ఆ మాట పట్టుకుంది. తర్వాత పుట్టిన గౌస్ బాషా ఉగ్గుపాలతో పాటు ఆ మాట తాగాడు.

తాగినవాడు ఊరుకోలేదు, అందరికీ తాగించాడు. ఖాదరు చిన్నప్పుడు అన్నం వద్దంటే ఆవాల దిండు, ఎక్కువ కావాలంటే ఆవాల దిండు. పదో తరగతి తప్పితే ఆవాల దిండు. పాపం ఆ పిల్లవాడు యుద్ధానికి పోకుండానే ఆ దిండు దెబ్బలు తిన్నాడు.

ఈ మాఘమాసంలో ఖాదరు కూతురు నగ్మా పుట్టింటికి పురిటికొచ్చి మగబిడ్డను కన్నది. బిడ్డ ఒకవైపే తల పెట్టి పడుకుంటాడు. పదిహేను రోజులకల్లా తల అటువైపు చదునయింది. స్పాంజి పరుపుల కొట్టు కదా, ఖాదరు వెంటనే మధ్యలో గుంట ఉన్న స్పాంజి దిండు తెచ్చాడు. నగ్మా దాన్ని పక్కనబెట్టి తాత మంచం దగ్గరికొచ్చింది.

"తాతా, జేజితాత దిండు పెడదామా వీడికి?" అంది.

గౌస్ బాషా మంచం మీద లేచి కూర్చున్నాడు. ఆ ఇంట్లో ఆ దిండు ఇమ్మని అడిగినవాళ్లు లేరు, దాని కథ చెప్పొద్దని మనసులో దండం పెట్టుకున్నవాళ్లే ఉన్నారు.

"పెడదామమ్మా. కానీ గుడ్డ చివికిపోయి ఉంటది. లోపల ఆవాలు కూడా ఎండబెట్టాల. నేనే విప్పి, కొత్త గలేబు కుట్టిస్తా. ఇంకెవురూ చెయ్యి పెట్టబాకండి" అన్నాడు.

మరుసటి రోజు పొద్దెక్కాక కొట్టు అరుగు మీద చాట పెట్టుకుని కూర్చున్నాడు. ఖాదరు సరుకు కోసం గుంటూరు వెళ్లాడు. రోడ్డు మీద మిరప టిక్కీలు, అంటే బస్తాలు, నింపుకున్న లారీలు ఒకదాని వెనక ఒకటి యార్డుకు పోతున్నాయి. ఘాటుకు దారినపోయేవాళ్లు తుమ్ముతున్నారు.

దిండును ఒళ్లో పెట్టుకున్నాడు. మూడు వైపులా అమ్మ కుట్టు, సన్నగా, తెల్లదారంతో. నాలుగో వైపు ఖాకీ దారం. అది నాయన కుట్టు. పరుపులు కుట్టేవాళ్లు వేసే ముడి ఇంకెవరికీ రాదు. ఎక్కడో చిరిగితే బాగుచేసుకున్నాడని గౌస్ బాషా ఇన్నాళ్లూ అనుకుంటూ వచ్చాడు. చిరుగు పడితే చిరుగు మేరకే కుడతారు గానీ ఒక వైపంతా విప్పి కుట్టరని పరుపుల పనిలో పుట్టి పెరిగినవాడికి తెలియదా? తెలుసు. దిండు ఆవాల దిండుకు ఉండాల్సిన దానికంటే బరువుగా ఉందని కూడా తెలుసు. అమ్మ పోయాక మొదటిసారి చేతిలోకి తీసుకున్నప్పుడు ఆ బరువు తగిలింది. అది దిండు మహత్తు అనుకున్నాడు! చేత్తో పట్టుకుని పరుపులో దూది ఎంతుందో చెప్పే మనిషి, తన ఇంటి దిండు దగ్గరికొచ్చేసరికి దండం పెట్టి ఊరుకున్నాడు.

ఖాకీ దారం తెంపి చాటలో వంచాడు.

ఇసుక పడింది.

తెల్లటి ఇసుక, మధ్యమధ్య గవ్వల ముక్కలు. మన బాపట్ల ఇసుక కాదు, వేరే సముద్రానిది. గౌస్ బాషా చాటను చెరిగాడు. చేత్తో కెలికాడు. గుడ్డను తిరగేసి దులిపాడు. ఒక్క ఆవగింజ కూడా లేదు.

ముందు కోపమొచ్చింది. ఎవరో మార్చేశారనుకున్నాడు. అమ్మ పోయిన తర్వాత దిండు ఉన్న పెట్టె తాళం తన మొలతాడుకే ఉంది, ఎవరు మారుస్తారు? పైగా ఖాకీ దారం నాయనది, ముడి నాయనది. తర్వాత ఆ కోపం నాయన మీదికి మళ్లింది. మోసం చేశాడు, ఇంటినీ వీధినీ మోసం చేశాడు, చిన్నప్పట్నుంచీ నన్ను మోసం చేశాడు అనుకున్నాడు. డెబ్భై ఏడేళ్ల మనిషి అరుగు మీద కూర్చుని చిన్నపిల్లాడిలా పెదవి కొరుక్కున్నాడు.

అప్పుడు గుడ్డ మూలలు కనపడ్డాయి. నాలుగు మూలలూ నాయన లోపలి నుంచి విప్పి, తిరగేసి, మళ్లీ అదే ఖాకీ దారంతో కుట్టాడు. ఎందుకు విప్పాడో గౌస్ బాషాకు తెలియడానికి కాసేపు పట్టింది. కుట్టు మడతల్లో గింజలు ఇరుక్కుంటాయి. అవి కూడా వదలకుండా వెతుక్కుని తిన్నాడు.

ఇక కోపం నిలవలేదు. నాయన మిలిటరీ మనిషి, నిలువెత్తు మనిషి, ఎక్కడో చీకటి గుడిసెలో దిండు మూలలు వేలితో తడుముకుంటూ గింజలు ఏరుకోవడం కళ్లకు కట్టింది. గౌస్ బాషాకు దుఃఖం వచ్చింది. "ఎంత ఆకలేసిందో నాయనా" అని పైకే అన్నాడు.

నాయన ఎప్పుడూ ఆ గొప్ప చెప్పుకోలేదని అప్పుడు గుర్తొచ్చింది. చెప్పిందంతా అమ్మే. ఎవరైనా చుట్టాలొచ్చి అమ్మ ఆ కథ ఎత్తుకుంటే నాయన లేచి దొడ్లోకి పోయేవాడు. గొప్పవాళ్లు తమ గొప్ప వినలేరని పిల్లలకు అమ్మ చెప్పేది. చారులో పోపు గింజలు వస్తే ఒక్కొక్కటే ఏరి కంచం అంచున పెట్టేవాడు. ఆవాలంటే ఆయనకు అంత భక్తి అనుకున్నారు ఇంటిల్లిపాదీ.

మరి అమ్మకు తెలుసా? ఇసుక ఆవాలకంటే బరువని వంటింట్లో చెయ్యిపెట్టిన ఏ ఆడమనిషికైనా తెలుసు. తన చేత్తో తవ్వెడు పోసి కుట్టిన దిండు అది. గుమ్మంలో అరచేతిలో పట్టుకుని అంతసేపు ఎందుకు చూసిందో, వీధికంతా వినపడేలా ఎందుకు అరిచిందో గౌస్ బాషాకు ఇప్పుడు తెలిసింది. మొగుడు తలెత్తుకోలేక నిలబడి ఉంటే, ఎవరూ ఒక్క మాట అడక్కముందే వీధి నోరు మూసేసింది. మంచికే చేసింది. కానీ ఆ మంచి ఆయన మెడకు చుట్టుకుని, బతికినన్నాళ్లూ దొడ్లోకి లేచిపోయేలా చేసింది.

ఇసుక ఎందుకు నింపాడో మాత్రం తేలలేదు. ఇంట్లో చూపించడానికి నింపాడో, అక్కడే రాత్రిపూట బిడ్డ తల ఆనినట్టు చేతికి బరువు తగలాలని నింపాడో. అడుగుదామంటే ఆయన లేడు.

"మామయ్యా, అయిందా?" అని పైనుంచి నజీరా కేకేసింది.

"అయితంది, అయితంది" అన్నాడు. చాట మీద తువ్వాలు కప్పేశాడు.

మనిషి బుద్ధి చూడండి. ఇంత తెలిశాక కూడా ఆయనకు మొదట తోచింది నిజం చెప్పడం కాదు. ఇసుకను గుడ్డలో మూటగట్టి మంచం కింద పెట్టెలో దాచాడు. పక్క కిరాణా కొట్లో ఆవాలు తెచ్చి, ఉతికిన గుడ్డలో పోసి, నాయన వేసిన ముడే వేసి కుట్టి, పైన కొత్త గలేబు తొడిగాడు. అచ్చం ఆవాల దిండే. ఇప్పుడు కథ నిజమైంది! తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్న మనిషి, నాలుగో కాలు కళ్లబడితే దాన్ని చేత్తో కప్పేశాడు. ఎందుకంటే ఆ కథ పోతే ఖాదరుతో ఐదేళ్లు మాట్లాడకపోవడానికి కారణం కూడా పోతుంది. అప్పుడు తనకు మిగిలేదేమిటి?

ఇరవై ఒకటో రోజున బిడ్డను ఉయ్యాల్లో వేశారు. పొన్నూరు నుంచి నగ్మా అత్తగారు మెహర్, వాళ్ల వైపు చుట్టాలు ఆటో నిండా వచ్చారు. మేడ మీద షామియానా వేసి భోజనాలు పెట్టారు. ఖాదరు అటూ ఇటూ తిరుగుతూ నీళ్లు పోస్తున్నాడు, కూర వడ్డిస్తున్నాడు. బిడ్డ కొత్త గలేబు వేసిన ఆవాల దిండు మీద తల పెట్టి, ఎప్పుడూ తిరగని వైపు తిరిగి నిద్రపోతున్నాడు.

మెహర్ దిండును ముట్టుకుని కళ్లకద్దుకుంది. "పెళ్లిచూపులప్పుడే చెప్పారు మాకు ఈ దిండు సంగతి. మీ నోటితో ఇంకోసారి చెప్పండి పెదబాబుగారూ, మావాళ్లూ వింటారు. మూడేళ్లు ఆకలికి ఉండి కూడా ఒక్క గింజ ముట్టలేదంట కదా?"

అందరూ తలలు తిప్పి చూశారు. కథ చెప్పడానికి గౌస్ బాషా నోరు ఎప్పుడో అలవాటు పడిపోయింది. "ఆఁ, మా నాయన దస్తగిరి అని..." అని మొదలుపెట్టేశాడు. సింగపూరు వచ్చింది, ఓడ వచ్చింది, దవడ మీద దెబ్బ వచ్చింది. చుట్టాల ఆడవాళ్లు చెంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

అప్పుడు ఖాదరు నీళ్ల జగ్గు కింద పెట్టాడు. ఎవరి కేసీ చూడకుండా మెట్ల వైపు నడిచాడు.

గౌస్ బాషాకు కొడుకు వీపు కనపడింది. కొంచెం వంగిన భుజాలు, గోడవార నడక. ఆ వీపు తన చిన్నప్పుడు ఎన్నోసార్లు చూశాడు. సరిగ్గా కథ ఈ చోటికి వచ్చినప్పుడే నాయన అలా లేచి పోయేవాడు. ఆ రోజుల్లో ఆపాలని తోచలేదు, తెలియదు కాబట్టి. ఇప్పుడు తెలుసు.



"తర్వాత?" అంది మెహర్.

"తిన్నాడమ్మా" అన్నాడు గౌస్ బాషా.

"ఏంటండీ?"

"తిన్నాడు. ఆకలేసి తిన్నాడు. ఒక్క గింజ మిగలకుండా, మూలల్లో ఏరుకుని మరీ తిన్నాడు. తిని, ఇసుక పోసి కుట్టుకున్నాడు. ఆ ఇసుక నా పెట్టెలో ఉంది, కావాలంటే చూపిస్తా. ఈ ఆవాలు నేను మొన్న కొట్లో కొనుక్కొచ్చినయ్యి."

నజీరా గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. మెట్ల దగ్గర ఖాదరు ఆగాడు గానీ వెనక్కి తిరగలేదు.

"దిండు కోసం పళ్లు రాలగొట్టించుకున్నాడు, అది నిజమే. ఆయన పళ్లు లేని దవడ నేను చూశా. కానీ గింజలు తిన్నాడు. తినకపోతే రాడు. ఆయన రాకపోతే నేను లేను, మావాడు లేడు, ఉయ్యాల్లో ఆ పసిగుడ్డు లేదు. ఆ సంగతి నాకు ఇన్నేళ్లూ తెలవలా. తెలిశాక కూడా నాలుగు రోజులు దాచా."

మెహర్ బిడ్డ కేసి చూసింది. ఒక ముసలాయన, పొన్నూరు చుట్టాల్లో ఎవరో, "ఆకలి రుచెరగదంటారు" అని నెమ్మదిగా అన్నాడు.

గౌస్ బాషా కుర్చీలోంచి లేచాడు. మోకాళ్లు పట్టేశాయి. నజీరా పట్టుకోబోతే వద్దని చెయ్యి ఊపి, విస్తళ్ల మధ్య నుంచి మెల్లగా మెట్ల దాకా నడిచి వెళ్లాడు. కోడలి వైపు తిరగలేదు.

"ఒరేయ్ ఖాదరూ" అన్నాడు.

కొడుకు తిరిగి చూశాడు. యాభై ఏళ్ల మనిషి, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఆ ఏడు నువ్వు మిషనమ్మి తెచ్చిన బియ్యం" అని గౌస్ బాషా ఆగాడు. "నేనూ తిన్నానురా."